అటకామా లిథియం: టన్నుకి 20 లక్షల లీటర్లు అన్న లెక్క సరైనదేనా?

కృష్ణాతీరం:
చిలీలోని అటకామా ఉప్పు మైదానంలో టన్ను లిథియానికి 20 లక్షల లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని చాలాచోట్ల చదివాను. కంపెనీలేమో అవి తాగే నీళ్ళు కావు, ఉప్పునీళ్ళే కదా అంటున్నాయి. ఏది నమ్మాలి? లెక్క తెలిసినవాళ్ళు విడమరచి చెప్పరూ.

గనిలెక్క:
ముందు ఆ టన్ను దేనిదో చూడండి. అమ్మేది లిథియం కార్బొనేట్. టన్నులో లిథియం 188 కిలోలే. అక్కడి ఉప్పునీటిలో లీటరుకి సుమారు 1.8 గ్రాముల లిథియం ఉంటుంది. ఆ నీటిని ఎండబెట్టే మడుల్లోనే సగం లిథియం పోతుందనుకుంటే, టన్ను కార్బొనేట్‌కి 2 లక్షల లీటర్లు, టన్ను లిథియానికి 11 లక్షల లీటర్లు తోడాలి. గాఢత తక్కువున్న బావికి ఇంకా పెరుగుతుంది. ఈ రెండు టన్నుల్నీ ఒకటిగా రాస్తే లెక్క అయిదింతలు తేడా వస్తుంది.

పని మన నౌపడ ఉప్పుమడుల్లో లాగానే ఎండ మీదే. ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ముందు మామూలు ఉప్పు, తర్వాత పొటాషియం ఉప్పులు దిగుతాయి. లిథియం 6 శాతానికి చిక్కబడ్డాక ట్యాంకర్లలో ఆంటోఫగస్టా నగరం పక్కనున్న ఫ్యాక్టరీకి పంపి, బోరాన్, మెగ్నీషియం తీసేసి, సోడా యాష్‌తో (సోడియం కార్బొనేట్) లిథియం కార్బొనేట్ చేస్తారు. నౌపడకి సముద్రం ఉంది. అటకామాలో ఆవిరైన నీటిని తిరిగి నింపే వాన దాదాపు లేదు.

భూజలం:
"తాగే నీళ్ళు కావు" అన్నది సగం మాటే. ఆ ఉప్పునీరు మంచినీటికి 1.2 రెట్లు బరువు. అందుకే ఆండీస్ పర్వతాల నుంచి వచ్చే మంచినీరు మైదానం అంచున దాని మీదికెక్కి మడుగులుగా బయటపడుతుంది. ఫ్లెమింగోలు మేసేది అక్కడే. మధ్యలో ఉప్పునీటి మట్టం పడిపోతే ఆ అంచు కదులుతుంది. గోదావరి డెల్టాలో మంచినీళ్ళు తోడితే ఉప్పు లోపలికొస్తుంది కదా, ఇక్కడ ఉప్పునీళ్ళు తోడితే మంచినీరు లోపలికి జారుతుంది. పైగా ఫలితం ఏళ్ళ తర్వాత కనబడుతుంది, పంపులు ఆపినా వెంటనే ఆగదు. అక్కడ లిథియం తీసే అమెరికా కంపెనీ ఆల్బెమార్ల్ ఒక్కదాని అనుమతే సెకనుకి 442 లీటర్ల ఉప్పునీరు, అంటే రోజుకి 3.8 కోట్లు. తోడే చోట నేల ఏడాదికి 1–2 సెంటీమీటర్లు కుంగుతోందని 2024లో ఉపగ్రహ కొలతలు చూపించాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: దక్షిణపు అంచున మంచినీటిని దశాబ్దాలపాటు లాగినవి రాగి గనులు. నింద మొత్తం లిథియానిదే కాదు.

కృష్ణాతీరం:
మరి ఊళ్ళవాళ్ళకి ఏమొచ్చింది? మడులు లేకుండా నేరుగా లిథియం లాగే పద్ధతి మేలు కాదా?

భూజలం:
2016 ఒప్పందం ప్రకారం ఆల్బెమార్ల్ అమ్మకాల్లో 3.5 శాతం అక్కడి మూలవాసులైన అటకామెన్యో సమాజాల మండలికి వెళ్తుంది. డబ్బు కన్నా ముఖ్యం, ఆ మండలికి బావుల మట్టాలు కొలిచే సొంత బృందం ఉండటం.

నేరుగా లాగే పద్ధతిలో ఆవిరి నష్టం తగ్గుతుంది. కానీ లిథియాన్ని పట్టుకునే పదార్థం నుంచి దాన్ని విడిపించడానికి మంచినీళ్ళు కావాలి. మిగిలిన ఉప్పునీటిని ఏ బావిలోకి తిరిగి పంపుతారన్నది ఇంకో చిక్కు: తోడే బావులకి దగ్గరైతే గాఢత పలచబడుతుంది, అంచుకి దగ్గరైతే మడుగుల మట్టం చెదురుతుంది. ఎవరైనా ఈ పద్ధతి గొప్పదంటే, టన్నుకి ఎన్ని లీటర్ల మంచినీళ్ళో, తిరిగి పంపే బావి ఎక్కడో అడగండి.