పాత బాత్రూమ్, కింది ఇంటి సీలింగ్‌కి చెమ్మ: టైల్ మీద టైల్ అతికిస్తే సరిపోతుందా?

మూడో_అంతస్తు

హైదరాబాద్‌లో 2002లో కట్టిన అపార్ట్‌మెంట్. బెడ్‌రూమ్‌కి అటాచ్డ్ బాత్రూమ్ 8×5 అడుగులు. గోడలకి 5 అడుగుల ఎత్తు వరకే తెల్ల టైల్స్, ఆ పైన పెయింటు, అదీ పొరలుగా లేస్తోంది. లోపల పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపులు. పొద్దున్నే కుళాయి తిప్పితే కాసేపు తుప్పు రంగు నీళ్లు. మాకు వచ్చేది బోరు నీళ్లే. కమోడ్ ఎస్ ట్రాప్‌ది, అంటే దాని పైపు నేలలోకి దిగుతుంది. రెండు నెలలుగా కింది వాళ్ల సీలింగ్‌లో చెమ్మ మరక. చేతిలో 90 వేలు ఉన్నాయి. మేస్త్రీ మాత్రం అంతటా పాత టైల్ మీదే కొత్తది అతికిస్తాను, నాలుగు రోజుల పని అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

రసమట్టం

ఒప్పుకోకండి. టైల్ సంగతి తర్వాత, ముందు ఆ నీళ్లు ఎక్కడివో తేల్చాలి. పైసా ఖర్చు లేకుండా తేలుతుంది, కాకపోతే ఓపిక కావాలి.

బాత్రూమ్‌కి వచ్చే వాల్వ్ కట్టేసి వారం రోజులు వాడకం ఆపండి. కింద మరక ఆరడం మొదలైతే నీళ్లు మీవే. వారం ఎందుకంటే, సంకెన్ స్లాబ్‌లో (పైపుల కోసం బాత్రూమ్ కింద పల్లంగా వేసే స్లాబ్) నింపిన ఇటుక ముక్కలు నీళ్లు పట్టి ఉంచుతాయి, పైన ఆపేసినా కింద కొన్నాళ్లు తడి ఉంటుంది. తర్వాత వాల్వ్ మాత్రం తెరిచి, ఒక్క కుళాయీ తిప్పకుండా రెండు రోజులు చూడండి. మళ్లీ తడిస్తే గోడలోని పైపు. తడవకపోతే ప్లాస్టిక్ కవర్లో గుడ్డ చుట్టి నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే కన్నం) నోట్లో బిగించి కుక్కండి. గుమ్మం దగ్గర సిమెంటుతో చిన్న కట్ట వేసి నేల మీద 2 అంగుళాల నీళ్లు 48 గంటలు నిలపండి. మరక ముదిరితే నేల. అప్పటికీ ఏమీ లేకపోతే గుడ్డ తీసేసి, రెండు బకెట్ల నీళ్లలో బట్టల నీలిమందు కలిపి ట్రాప్‌లో ఒకటి, కమోడ్‌లో ఒకటి పోయండి. కింద నీలం కనబడిందంటే డ్రైనేజీ జాయింటే.

నేల నుంచే కారుతుంటే దాని మీద కొత్త టైల్ వేయడం గాయం కడగకుండా కట్టు కట్టినట్టే. పైగా నేల అరంగుళం లేచి బెడ్‌రూమ్ మట్టానికి వచ్చేస్తుంది, నీళ్లు గుమ్మం దాటతాయి.

తాపీ_పలక

నేల విషయంలో పై మాట నూరుపాళ్లు నిజం. గోడల దగ్గర మాత్రం టైల్ మీద టైల్ తప్పేమీ కాదు, కాకపోతే మేస్త్రీ చెప్పని చిక్కు ఒకటుంది. మీ పాత టైల్స్ 5 అడుగుల దగ్గర ఆగిపోయాయి. కొత్తవి 7 అడుగుల దాకా తీసుకెళ్లాలంటే పై 2 అడుగుల్లో పెయింటు మొత్తం గీకి, గాట్లు పెట్టి, పాత టైల్ మందం వరకు ప్లాస్టరింగ్ చేసి సమం చేయాలి. పెయింటు మీద అతికిస్తే అతుక్కునేది పెయింటుకే, గోడకి కాదు.

నా సలహా: ఎలాగూ పైపుల కోసం గాడి కొట్టాలి కాబట్టి షవర్ గోడ, కమోడ్ వెనక గోడ ఇటుక దాకా ఒలిచేయండి. మిగతా రెండు గోడల్లో ప్రతి టైల్‌నీ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవి తీసి సిమెంటుతో పూడ్చండి. పదింటికి ఒకటి కంటే ఎక్కువ డొల్లగా ఉంటే ఆ గోడ కూడా ఒలవాల్సిందే. గట్టిగా ఉన్నవాటిని సబ్బు జిడ్డు పోయేలా కడిగి, గ్రైండర్‌తో గీతలు పెట్టి, టైల్ మీద టైల్‌కి పనికొస్తుందని బస్తా మీద రాసి ఉన్న అధెసివ్‌తోనే అతికించండి. గోడకి పళ్ల కరణితో, టైల్ వీపుకి పల్చగా, రెండు వైపులా రాయాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి నొక్కేస్తే మధ్యలో గాలి నిలుస్తుంది, అక్కడే రేపు పగులుతుంది.

లెక్క: చుట్టుకొలత 26 అడుగులు × 7 = 182, తలుపుకి 17 తీసేస్తే 165, పగుళ్లకీ కోతలకీ పదో వంతు కలిపితే 181 చదరపు అడుగులు. 12×18 అంగుళాల టైల్ ఒకటి ఒకటిన్నర చదరపు అడుగు, అంటే 121. నేలకి 12×12 మ్యాట్‌వి 44. 20 కిలోల అధెసివ్ బస్తా సుమారు 40 చదరపు అడుగులకి వస్తుంది. ఆరు తెప్పించండి.

గేట్‌వాల్వ్

జీఐ మొత్తం తీసేసి ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేయించండి. కుళాయి బిగించే ప్రతి చోటా ఇత్తడి మరలున్న ఫిట్టింగే వాడాలి, ప్లాస్టిక్ మరలైతే బిగింపుకే చిట్లుతుంది. అతికిన మర్నాడు పంపుతో 6 కిలోల ప్రెషర్ పెట్టి రెండు గంటలు ముల్లు కదలకుండా ఉందో లేదో కళ్లారా చూడండి. గాడి పూడ్చేది ఆ తర్వాతే.

బోరు నీళ్లకి గోడలో దాగే డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించే వాల్వ్) వద్దు. గార పట్టి లోపలి కార్ట్‌రిడ్జ్ బిగుసుకుంటే, ఆ మోడల్ స్పేర్ దొరకనప్పుడు టైల్ పగలగొట్టడమే గతి. గోడ బయట ఉండే మామూలు వాల్ మిక్సర్ చాలు. దాని రెండు నోళ్ల మధ్య 6 అంగుళాలు, రెండూ ఒకే మట్టం, రెండూ కొత్త టైల్ ముఖానికి సమంగా. ప్లంబర్ పాత గోడకి సమంగా వదిలేస్తే టైల్ పడ్డాక నోరు లోపలికి పోతుంది, ఎక్స్‌టెన్షన్ వేస్తే అదో కొత్త జాయింటు.

గీజర్‌కి సీపీవీసీ నేరుగా కలపకండి, మధ్యలో స్టీల్ అల్లిక ఉన్న కనెక్షన్ పైపు ఉండాలి. 2 కిలోవాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల సాకెట్, పైన 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). గోడలు తెరిచి ఉన్నప్పుడే ఈ పని కూడా అయిపోవాలి.

మూడో_అంతస్తు

పరీక్షలు వరసగా చేశాను. నేల మీద నీళ్లు నిలిపిన రెండో రోజుకి మరక ముదిరింది. అంటే నేలంతా స్లాబ్ దాకా తవ్వాలా?

రసమట్టం

ముందు నహానీ ట్రాప్ పక్కన 2×2 అడుగులు స్లాబ్ కనబడే దాకా తవ్వండి. అడుగున ఇటుక ముక్కలు పిడికిట్లో పిండితే తడి తగిలిందంటే మొత్తం తీసేయాలి. పొడిగా ఉంటే పై టైల్, సిమెంటు తీస్తే చాలు. తవ్వే ముందు డ్రైనేజీ నోళ్లన్నీ గోనెగుడ్డతో మూయించండి, పెళ్ల లోపల పడితే నాలుగు అంతస్తుల వాళ్లతో మాట పడాలి.

స్లాబ్ శుభ్రం చేసి, గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా తిప్పి, పాలిమర్ కోటింగ్ రెండు పూతలు. మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. కొత్త నేల మట్టం పైన ఒక అడుగు, షవర్ మూలలో 6 అడుగుల ఎత్తు దాకా వెళ్లాలి. పైపు నేలని చీల్చుకొచ్చే చోట మెష్ గుడ్డ పెట్టి పూయాలి, ఎక్కువగా కారేది అక్కడే. ఆరాక మళ్లీ 48 గంటలు నీళ్లు నిలిపి, కింది ఇంటికి వెళ్లి చూసొచ్చాకే పూడ్పు, దాని మీద ఇంకో పూత, ఆ మీద టైల్. వాటం 8 అడుగులకి ఒక అంగుళం, ట్రాప్ వైపు.

డబ్బు ఇలా పంచుకోండి: నేల, వాటర్‌ప్రూఫింగ్ 25 వేలు, పైపులు, వైరింగ్ 18, గోడల టైల్స్, కూలి 22, కమోడ్, మిక్సర్, వాష్‌బేసిన్ 12, పీవీసీ తలుపు 5. మిగిలిన 8 వేలు ముట్టుకోకండి, తవ్వాక ఏం బయటపడుతుందో మేస్త్రీకీ తెలియదు. తగ్గించాలనుకుంటే టైల్ డిజైన్ దగ్గర తగ్గించండి.

గేట్‌వాల్వ్

కమోడ్ కొనే ముందు ఒక కొలత. టైల్ పడ్డాక గోడ ముఖం నుంచి నేలలోని పైపు మధ్యకి ఎంతో చూడాలి. 9 అంగుళాల ఎస్ ట్రాప్ పీస్ తెచ్చి, కొత్త టైల్ మందం వల్ల 8 ముప్పావే మిగిలితే వెనక ట్యాంకు గోడకి తగిలి కమోడ్ కూర్చోదు. కూర్చోబెట్టేటప్పుడు కింద సిమెంటు దిమ్మ పోయనివ్వకండి. రబ్బరు కనెక్టర్, స్క్రూలు, చుట్టూ సిలికాన్ చాలు, రేపు విప్పాలంటే పగలకుండా వస్తుంది.