ఎన్నికలు పెట్టారు కదా, ఇంకా మయన్మార్‌లో ప్రజాస్వామ్యం లేదంటారేంటి?

కంచరపాలెం కుర్రోడు:
మాది విశాఖలో బర్మా క్యాంపు (మయన్మార్ పాత పేరే బర్మా). 1964లో అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసేశాక రంగూన్‌లో ఉన్నదంతా వదులుకుని ఓడెక్కి వచ్చేసిన కుటుంబాల్లో మాదీ ఒకటి. అందుకే అక్కడి వార్త ఏదొచ్చినా ఇంట్లో చర్చే. మా మావయ్య ఏమంటాడంటే, 2021లో సైన్యం అధికారం లాక్కుంది నిజమే, కానీ 2025 డిసెంబరులో ఎన్నికలు పెట్టింది, జనం ఓట్లేశారు, ఇంకేం కావాలి అని. నాకు మింగుడుపడటం లేదు. ఓటు ఉంటే చాలదా, మాట్లాడనివ్వడం అంత ముఖ్యమా? తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార శ్రీను:
తమ్ముడూ, ఓటేసే ముందు అక్కడి మనిషికి ఏం చదివే వీలుందో మీ మావయ్యగారిని అడుగు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం తిరుగుబాటు చేసింది, 4వ తేదీకల్లా ఫేస్‌బుక్ ఆపించేసింది. అక్కడ చాలామందికి ఇంటర్నెట్ అంటేనే ఫేస్‌బుక్. మార్చి 8న మిజ్జిమా, డీవీబీ, మయన్మార్ నౌ సహా ఐదు వార్తాసంస్థల లైసెన్సులు పోయాయి. శిక్షాస్మృతిలో 505ఏ అని కొత్తగా చేర్చి, భయం పుట్టించే మాట అన్నా, తప్పుడు వార్త రాసినా మూడేళ్ల దాకా జైలు అన్నారు. ఏది తప్పుడు వార్తో తేల్చేదీ వాళ్లే! 2020 ఎన్నికల్లో గెలిచిన ఆంగ్ సాన్ సూకీ పార్టీని 2023లో రద్దు చేశారు. 2025 జులైలో ఇంకో చట్టం తెచ్చారు, దాని ప్రకారం ఎన్నికల్ని విమర్శించినా నేరమే. యుద్ధం నడుస్తున్న చాలా ప్రాంతాల్లో అసలు పోలింగే జరగలేదు. నచ్చిన పార్టీ పోటీలో లేదు, ఉన్నవాళ్లని తప్పుపడితే జైలు, ఇక ఆ ఓటుతో జనం చెప్పేదేముంది?

వాల్తేరు మాస్టారు:
శ్రీను గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఓటుని మరీ తీసిపారేయొద్దు. అదే బర్మాలో 1990లో సైన్యమే ఎన్నికలు పెట్టింది, సూకీ గృహనిర్బంధంలో ఉన్నా ఆవిడ పార్టీ ఘనంగా గెలిచింది. సైన్యం గద్దె దిగలేదు, అది వేరే విషయం. ఆ గెలుపు మాత్రం వాళ్లని ఏళ్ల తరబడి వెంటాడింది.

మన సంగతీ చూడండి. ఈనాడు పత్రిక 1974 ఆగస్టులో మన విశాఖలోనే మొదలైంది, ఏడాది తిరక్కుండానే ఎమర్జెన్సీ, సెన్సారు. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించి సెన్సారు సడలించి నాయకుల్ని వదిలితే, మార్చికి ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ని ఊడ్చేసింది. మన రాష్ట్రంలో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే! దీనికి చాలా కారణాలున్నాయి, ఇక్కడ బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బాధ అంతగా లేకపోవడం ఒకటి. కానీ ఇరవై నెలలు కోసిన వార్తలే చదివిన జనానికి, ఢిల్లీలో, యూపీలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి రెండు నెలలు సరిపోయాయంటే నేను నమ్మను.

గాజువాక పద్మ:
అక్కడి 505ఏ లాంటి వదులు మాటల సెక్షన్ మనకీ ఉండేది, ఐటీ చట్టంలో 66ఏ. చిరాకు కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ల జైలు అనేది. 2012లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో ఒకమ్మాయి బంద్ మీద ఫేస్‌బుక్‌లో ఓ మాట రాస్తే, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలిని కూడా అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని కేసు వేస్తే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. తేడా అదే, మనకి వెళ్లడానికి ఒక కోర్టుంది. అయినా రద్దయిన ఆ సెక్షన్ కింద పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. కాబట్టి మనవాళ్లు, మనకేం పర్లేదులే అని కూర్చోకుండా, ఎవరినైనా పోస్టు పెట్టాడని స్టేషన్‌కి పిలిచినప్పుడు ముందు ఏ సెక్షనో అడగాలి. ఆ పోస్టు మనకి నచ్చకపోయినా సరే అడగాలి.