అప్‌డేట్: మా యుద్ధ లఘుచిత్రంలో కాల్పులు నకిలీగా అనిపించడానికి కారణం తెలిసింది

1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ వద్ద భారత, చైనా సైన్యాల మధ్య జరిగిన పోరాటం మీద మా కళాశాల బృందం తీసిన లఘుచిత్రానికి మిశ్రమ స్పందన వచ్చిందనీ, నటనను మెచ్చుకున్నవారే కాల్పుల దృశ్యాలు పిల్లలాటలా ఉన్నాయన్నారనీ చెప్పి, మంచి కెమెరాతో మళ్లీ తీయాలా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కెమెరాకూ దీనికీ సంబంధం లేదని తేలింది. ముందు శబ్దం సరిచూడమన్న సలహాయే పనిచేసింది. మేము సంప్రదించిన సౌండ్ ఇంజనీరు తెర ఆపేసి, శబ్దం మాత్రమే విన్నారు. ఆనాడు అక్కడ పోరాడిన భారత సైన్యపు కుమావ్ రెజిమెంటు జవాన్ల చేతుల్లో ఉన్నవి .303 బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు. తూటా పేల్చిన ప్రతిసారీ బోల్టును వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. మా చిత్రంలో వినిపించింది మాత్రం ఆటోమేటిక్ తుపాకీ మోత (ఉచితంగా దొరికిన శబ్దాలతో వచ్చే చిక్కే ఇది). పైగా దూరపు షాట్లలో తుపాకీ పేలినప్పటి మెరుపు, మోత ఒకే ఫ్రేములో పడ్డాయి. గడ్డకట్టే చలిలో శబ్దం సెకనుకు సుమారు 320 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక, 160 మీటర్ల దూరాన పేలిన తుపాకీ మోత, సెకనుకు 24 ఫ్రేముల చిత్రంలో 12 ఫ్రేములు ఆలస్యంగా వినిపించాలి. ఆ మేరకు మోతను జరిపి, మెరుపును మూడు ఫ్రేముల నుంచి ఒక్క ఫ్రేముకు తగ్గించి, పాత ఇనుప గడియ చప్పుడును బోల్టు శబ్దంగా కలిపాం.

కలర్ గ్రేడింగ్ (చిత్రం రంగుల సవరణ), అదనపు పొగ వంటివి అవసరం పడలేదు. కొత్త ప్రతి చూసినవారెవరూ కాల్పులను తప్పుపట్టలేదు. కర్నూలు దగ్గరి రాతి క్వారీ లద్దాఖ్‌లా లేదన్న విమర్శ మాత్రం అలాగే ఉంది. దానికి మా బడ్జెట్‌లో మందు లేదు.