‘పాలస్తీనాకు ఐరాస గుర్తింపు’ అనవచ్చా?

ప్రశ్న: ‘పాలస్తీనాకు ఐరాస గుర్తింపు’, ‘పాలస్తీనా రాష్ట్రాన్ని గుర్తించిన బ్రిటన్’. ఈ రెండు శీర్షికల్లో ఏది ఒప్పు?

జవాబు 1: రెండూ తప్పేనండీ. రెండోది చిన్న తప్పు. హిందీ ‘రాష్ట్ర్’ను మక్కీకి మక్కీ దింపేశారు. మనకు రాష్ట్రమంటే ఆంధ్రప్రదేశో తెలంగాణో. ఇక్కడ ‘రాజ్యం’ అనాలి, ఐక్యరాజ్యసమితి పేరులో ఉన్నదీ అదే. వార్తకైతే ‘దేశంగా గుర్తించింది’ చాలు.

మొదటిదే అసలు చిక్కు. బడికీ, కార్మిక సంఘానికీ, పార్టీకీ గుర్తింపు పైనున్న అధికారి ఇస్తాడు. ఆ అలవాటుతో దేశాలకు ఐరాస ఇస్తుందనుకుంటాం. రాజ్యాన్ని గుర్తించడం ఏ ప్రభుత్వానికి ఆ ప్రభుత్వం చేసే ప్రకటన. 1988 నవంబరు 15న అల్జీర్స్‌లో పాలస్తీనా స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, భారత్ 18నే గుర్తించింది. ఐర్లండ్, నార్వే, స్పెయిన్ 2024 మే 28న, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్ 2025 సెప్టెంబరు 21న ఆ పని చేశాయి. ఐరాస ఇచ్చేది సభ్యత్వం.

జవాబు 2: ఆ సభ్యత్వం దారి చెప్తాను. దరఖాస్తు ప్రధాన కార్యదర్శికి వెళ్తుంది. భద్రతా మండలిలో 15 ఓట్లకు కనీసం 9 రావాలి, అయిదు శాశ్వత సభ్యుల్లో ఎవరూ వీటో చేయకూడదు. ఆ సిఫారసు వచ్చాకే సర్వప్రతినిధి సభలో మూడింట రెండొంతుల మెజారిటీ అడగాలి. పాలస్తీనా బండి ఆగింది మండలిలోనే. 2024 ఏప్రిల్ 18న 12 అనుకూల ఓట్లొచ్చినా అమెరికా వీటో చేసింది.

ఆ ఓటింగులో తటస్థంగా ఉన్న బ్రిటన్, స్విట్జర్లండ్‌ను ‘గైర్హాజరు’ అని రాసేవారికి ఒక మాట: వాళ్లు మండలిలోనే ఉన్నారు! ‘ఓటు వేయలేదు’ అనండి.

ప్రశ్న: మరి 2012లో సర్వప్రతినిధి సభ పాలస్తీనాకు ఇచ్చిందేమిటండీ?

జవాబు 2: హోదా. నవంబరు 29న 138–9 ఓట్లతో (41 దేశాలు తటస్థం) ‘సభ్యేతర పరిశీలక రాజ్యం’ అయింది. పదం బరువే గానీ ఒక్క ముక్కా తీసేయలేం. ‘రాజ్యం’ అన్న ముక్క బలంతోనే ఆ తర్వాత అంతర్జాతీయ ఒప్పందాల్లో చేరే దారి తెరుచుకుంది, 2015లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సహా. 2024 మే 10 తీర్మానం (143–9) మరికొన్ని హక్కులిచ్చింది, సభలో ఓటు హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ రోజుకు ‘అదనపు హక్కులు’ అని శీర్షిక పెడితే సరిపోయేది.

జవాబు 3: గుర్తించగానే ‘రాయబార కార్యాలయం’ అని రాయడమూ తొందరే. భారత్ 1996లో గాజాలో తెరిచి, 2003లో రామల్లాకు మార్చినది ‘ప్రతినిధి కార్యాలయం’.

ప్రశ్న: గుర్తిస్తేనే రాజ్యం పుడుతుందా?

జవాబు 1: న్యాయశాస్త్రంలో రెండు పక్షాలూ ఉన్నాయి. 1933 మాంటెవీడియో ఒప్పందం ప్రకారం జనం, భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించే శక్తి ఉండాలి. రాజ్యం ఉనికి ఇతరుల గుర్తింపు మీద ఆధారపడదు. మన ‘గుర్తించు’ ఈ పక్షానికే మొగ్గుతుంది, ఎందుకంటే లేనిదాన్ని గుర్తించలేం. రెండో పక్షం వాదన రాసేటప్పుడు ‘గుర్తింపుతోనే రాజ్యత్వం సిద్ధిస్తుంది’ అని విడమరచక తప్పదు.