కొత్త కారు ఘాట్‌లో ఆగిపోతోంది, కంపెనీ వెనక్కి తీసుకుంటుందా?

ప్రశ్న (కడప): పోయిన ఉగాదికి తొమ్మిది లక్షలు పెట్టి ఆటోమేటిక్ కారు కొన్నా. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు గేరు పడక ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెనక లారీలు, లోపల అమ్మ. షోరూమ్‌లో ఇస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామంటారు, రాయచోటి పోయేలోపే మళ్లీ అదే కథ. డల్లాస్‌లో ఉండే మా బావ 'లెమన్ లా (లోపమున్న కొత్త కారును కంపెనీ వెనక్కి తీసుకోవాలనే అమెరికా చట్టం) కింద డబ్బు వాపసు అడుగు' అంటాడు. ఆయనకేం, చెప్తాడు. మనకు అట్లాంటిది ఉందా?

జవాబు: ఆ పేరుతో మనకు చట్టం లేదన్నా. ఇక్కడ దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా నువ్వు కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. నీ కారు ధరకు ఫీజు 200 రూపాయలే. గడువు రెండేళ్లు.

ఇంకొకరు: ఫీజు సరే, చిక్కంతా రుజువు దగ్గరే. తయారీలోనే లోపం ఉందని చూపాల్సింది మనం. నిపుణుడితో తనిఖీ చేయించమని కమిషన్‌ను అడగొచ్చు. రిపేరుతో పోయేదైతే మాత్రం పార్టు మార్చమంటారు గానీ కారు మొత్తం వాపసు కష్టం. డీలర్‌తో పాటు తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. కారు ఇచ్చినప్పుడల్లా షోరూమ్‌వాళ్లు సమస్య రాసే జాబ్ కార్డుల్లో ఏం రాశారు?

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే తీసి చూశా. అన్నిట్లో 'పికప్ తక్కువ' అనే ఉంది, ఆగిపోతుందని రాయనే లేదు. ఏం మనుషులబ్బా!

జవాబు: అయితే ఈరోజే కంపెనీకి, డీలర్‌కు ఈమెయిల్ పెట్టు, జరిగింది జరిగినట్టు రాయి. ఈసారి ఆగితే పక్కనున్నవాళ్లతో మీటర్ కనపడేలా వీడియో తీయించు. కేసు కంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు.