తొమ్మిదేళ్లొచ్చినా చదవలేకపోతున్నాడు, టెస్టుకు డబ్బుల్లేవు

నైట్ షిఫ్ట్ అమ్మ: బాబు నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, పుస్తకం తెరిస్తే చెమటలు పడతాయి. ఎక్కాలూ నిలవవు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) కావచ్చు, ప్రైవేటుగా టెస్ట్ చేయించమన్నారు టీచరు. ఆ ఫీజుకు నా సగం జీతం పోతుంది. టెస్ట్ లేకుండా ఏమీ చేయలేమా?

పాప నాన్న: అక్కా, నేను అప్పు చేసి మా అమ్మాయికి రంగు కళ్లద్దాలు పెట్టించాను. మొదటి వారమే తేడా కనిపించింది. మీరూ చూడండి.

స్పెషల్ టీచర్: అద్దాల జోలికి పోకండి. ఇరవై ఏళ్లుగా ఈ పిల్లలతోనే ఉన్నాను. మాటలోని ధ్వనుల్ని విడదీసి అక్షరాలతో కలపలేకపోవడమే చాలామందిలో అసలు ఇబ్బంది. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు 14 ఏళ్ల అబ్బాయి గురించి రాశారు. చూపు బాగుంది, తెలివీ ఉంది, చదవడమే రాలేదు.

పాప నాన్న: ఆయన దాన్ని 'పదాంధత్వం' అన్నారు కదా మేడమ్? అంధత్వమంటే కళ్లదే కదా!

స్పెషల్ టీచర్: పదాల రూపం మెదడులో నిలవడం లేదని ఆయన అనుకున్నారు, కళ్లు చెడ్డాయని కాదు. రంగు అద్దాలతో డిస్లెక్సియా తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి.

పాప నాన్న: మీకేం, చెప్పడం తేలిక. ఆ అప్పు ఇంకా కడుతున్నాను. పిల్ల కోసం చేస్తే తప్పా?

ఆలస్యంగా చదివినవాడు: అన్నా, తప్పు మీది కాదు, అమ్మినవాళ్లది. నన్ను సోమరి అన్నారు, ఐదో తరగతి రెండుసార్లు చదివించారు. అదే పాఠం, అదే తీరు, అవే దెబ్బలు. అక్షరాలు రాలేదు, బడంటే భయం మాత్రం వచ్చింది. అక్కా, బాబును మళ్లీ అదే తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి.

స్పెషల్ టీచర్: సారీ అండి, మాట కటువుగా వచ్చింది. అమ్మా, ముందు చెవులు, కళ్లు చూపించండి, అక్కడ లోపముంటే తెలిసిపోతుంది. టెస్ట్ కోసం ఆగక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టండి. దారిలో నడుస్తూ అడగండి: 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగిలింది? 'లక'. అది వచ్చాక 'కల'లో 'క' బదులు 'వ' పెట్టమనండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, మీకు చదువు రాకపోయినా చేయగలరు. వాడు నోటితో చెప్పిన జవాబుకు మార్కులివ్వమని స్కూల్లో రాతపూర్వకంగా అడగండి.

పాప నాన్న: మా పాపకు పన్నెండేళ్లు. ఇప్పుడు మొదలుపెట్టినా పనికొస్తుందా మేడమ్?

స్పెషల్ టీచర్: తప్పకుండా. కాస్త ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

నైట్ షిఫ్ట్ అమ్మ: పొద్దున బడికి నడిపిస్తూ 'పలక' ఆడించాను. మూడోసారికి 'లక' అన్నాడు. లెక్కల సంగతి ఎవరూ చెప్పలేదు. ఎక్కాలకు ఏం చేయాలండీ?