మనసు కుదుటపడటానికి స్నానవిధి: లోపలికి చూడటమా, కడిగేసుకుని తప్పించుకోవడమా?

గడపదాటి:
మనసు బరువెక్కినప్పుడు స్నానాన్ని ఒక విధిలా, ఒక వరసలో చేస్తే లోపల బిగుసుకున్నది కాస్త వదులవుతుందని కొందరంటారు. అదంతా వేడినీళ్ల పనే, సంకల్పం గింకల్పం పైపూతేనని ఇంకొందరు. నేను మొదటి పక్షం. అయితే ఒక షరతు ఉంది. ఒళ్లు శుభ్రం చేసుకునే స్నానం వేరు, ఇది వేరు. రెండూ కలిపితే రెండూ చెడతాయి. యూదులు శుద్ధి కోసం మునిగే మిక్వే అనే నీటికుండంలో దిగబోయే ముందే ఒళ్లంతా రుద్దుకుని, గోళ్ల సందుల మట్టి తీసి, జుట్టు చిక్కు విప్పి, ఉంగరాలు తీసి పక్కన పెడతారు. జపాన్ వాళ్లు సబ్బు పని అంతా తొట్టి బయటే ముగించి అప్పుడు నీళ్లలో కూర్చుంటారు. ఆ విడగొట్టడంలోనే అసలు సంగతి ఉంది. సబ్బు చేతిలో ఉన్నంతసేపు మనసు పనిలోనే ఉంటుంది.

పద్ధతి చెబుతాను. ముందు ఒక కాగితం మీద ఒక్క ప్రశ్న రాసుకోవాలి. "నేను ప్రశాంతంగా ఉండాలి" అని రాస్తే అది ప్రశ్న కాదు, ఆర్డరు. "ఆ మాట విన్నప్పుడు ఒంట్లో ఎక్కడ పట్టేసింది?" లాంటిది రాయాలి. కాగితం బయటే ఉంచేయాలి. తొట్టి ఉంటే 38 లేక 39 డిగ్రీల నీళ్లు, పదిహేను నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు ప్రశ్న జోలికి పోకుండా నీళ్లు ఎక్కడిదాకా తాకుతున్నాయో గమనించడమే. తర్వాత ప్రశ్న. చివరి రెండు మూడు నిమిషాలు మళ్లీ ఒంటి మీదే ధ్యాస. తుడుచుకున్న వెంటనే, ఫోన్ ముట్టుకోకుండా, పది నిమిషాలు రాయాలి. రాయకపోతే అక్కడ తట్టింది టవల్‌తోపాటే ఆరిపోతుంది.

కొలపాత్ర:
గడపదాటి గారూ, వరస బాగానే ఉంది కానీ ఘనత దేనికి దక్కాలో చూద్దాం. 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు వేడినీటి స్నానం, నిద్ర మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లు, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు, పది నిమిషాలైనా చాలు. సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పడుతుంది. ఎందుకంటే వేడికి అరచేతులు, అరికాళ్లలో రక్తప్రసరణ పెరిగి లోపలి వేడి బయటికి పోతుంది. లోపలి ఉష్ణోగ్రత దిగుతుంటే ఒంటికి అది నిద్రవేళ సంకేతం. బాగా నిద్రపోయినవాడికి పొద్దున్నే సగం బాధ తగ్గినట్టే అనిపిస్తుంది. ఇందులో కాగితానికి ఏం పని?

ఇంకోటి. డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద 2016లో అమెరికాలో ఒక ట్రయల్ చేశారు. శరీర ఉష్ణోగ్రత 38.5కు చేరేదాకా ఒకే ఒక్కసారి వేడి చేశారు. ఉత్తుత్తి వేడి ఇచ్చిన వాళ్లతో పోలిస్తే ఆరువారాల పాటు తేడా కనిపించింది. ఉన్నది ముప్పైమంది దాకానే, కాబట్టి దాని మీద మేడలు కట్టను. కానీ అక్కడ ఉన్నది వేడి పెట్టే యంత్రం. సంకల్పం లేదు, కొవ్వొత్తి లేదు.

పనిలో పనిగా, కొందరు తొట్టిలో వేసుకునే ఉప్పు సంగతి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. చర్మం గుండా చెప్పుకోదగ్గంత మెగ్నీషియం లోపలికి పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. తేలుతున్నట్టు అనిపించాలంటే మృతసముద్రంలో ఉన్నట్టు ముప్పై శాతానికి పైగా ఉప్పు కావాలి. 150 లీటర్ల తొట్టికి యాభై కిలోల పైచిలుకన్నమాట. గుప్పెడు ఉప్పు వేసి, నీళ్లు మనసులోని బాధను "లాగేస్తాయి" అనుకుంటే అది మన సరదా. పుండ్లు, గీతలు ఉంటే మాత్రం మండుతుంది, అంతే.

ఎసెన్షియల్ ఆయిల్ నీళ్లలో కలవదు. చుక్కలు పైన తేలి, కూర్చోగానే నేరుగా మెత్తటి చర్మానికి అంటుకుంటాయి. దాల్చినచెక్క, లవంగం నూనెలైతే బొబ్బలు కూడా రావచ్చు. వేసి తీరాల్సిందే అంటే ఒక పెద్ద చెంచాడు మామూలు నూనెలో ఐదారు చుక్కలు కలిపి వేయండి. అప్పుడు తొట్టి అడుగు జారుతుంది, దానికీ సిద్ధపడండి.

తుంపర:
ఇద్దరూ అసలు ప్రశ్న పక్కనుంచి వెళ్లిపోయారు. స్నానం పనిచేస్తుందా లేదా అన్నది కాదు నా అనుమానం. పనిచేయకూడని చోట కూడా పనిచేస్తుందేమోనని.

2006లో ఝాంగ్, లిల్యెన్‌క్విస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరిని తాము చేసిన ఒక తప్పు గుర్తుచేసుకోమన్నారు. సగంమందికి చేతులు తుడుచుకోవడానికి తడి వైప్ ఇచ్చారు. ఆ తర్వాత ఇంకొకరికి ఉచితంగా సాయం చేస్తారా అని అడిగితే, తుడుచుకోని వాళ్లలో 74 శాతం సరేనన్నారు, తుడుచుకున్నవాళ్లలో 41 శాతమే. తర్వాత వేరేవాళ్లు ఈ ప్రయోగాలు మళ్లీ చేస్తే అవే ఫలితాలు రాలేదు, అందుకని దీన్ని నిరూపణగా వాడను. అయినా అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం కౌన్సెలింగ్ గదిలో రోజూ ఎదురయ్యేదే. ఎవరినో గాయపరిచి వచ్చిన అపరాధభావాన్ని గోరువెచ్చటి నీళ్లలో కూర్చుని "వదిలేస్తున్నాను" అంటే, అవతలివాళ్లకు ఒరిగిందేమిటి? అపరాధభావానికి ఒక పని ఉంది, అది మనల్ని క్షమాపణ దాకా నడిపించాలి. దాన్ని దారిలోనే కడిగేస్తే ఫోన్ చేయాల్సిన మనిషికి ఫోన్ వెళ్లదు.

అందుకే ఏ బాధకు అన్నది ముందు తేల్చుకోవాలి. పోయినవాళ్ల కోసం దుఃఖమైతే స్నానవిధి చక్కగా నప్పుతుంది, అక్కడ సరిదిద్దడానికి ఏమీ మిగల్లేదు, మోయడమే. కోపానికి సగం నప్పుతుంది: ఒళ్లు చల్లబడుతుంది, కారణం అలాగే ఉంటుంది. అపరాధభావానికైతే క్షమాపణ ముందు, స్నానం తర్వాత. "నేను మురికిని, ఎంత కడిగినా పోదు" అనే భావన ఉన్నవాళ్లకు, చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీ ఉన్నవాళ్లకు ఇది అసలు చెప్పకూడదు. వాళ్లకు ప్రతి స్నానమూ జబ్బుకు మేతే.

ఇక ప్రశ్న రాయడం గురించి. "నాకే ఎందుకిలా?" అని రాసుకుని నీళ్లలో కూర్చుంటే అది లోచూపు కాదు, గానుగెద్దు తిరుగుడు. ఈ తిరుగుడు దిగులును పెంచి పొడిగిస్తుందని మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్-హోక్సెమా ఏళ్ల తరబడి చేసిన పరిశోధన చూపించింది. పైగా స్నానాలగదిలో ఒంటరితనం, వెచ్చదనం, పలకరించేవాళ్లు లేకపోవడం అన్నీ ఆ తిరుగుడుకే అనుకూలం. "ఎందుకు" మానేసి "ఏం జరిగింది, ఎప్పుడు, ఒంట్లో ఎక్కడ" అని అడగాలి. గడపదాటి గారి నమూనా ప్రశ్న ఆ విషయంలో సరిగ్గానే ఉంది. ఆయన చెప్పనిది ఒకటుంది, టైమర్. పదిహేనో నిమిషం గంట మోగాలి, మోగగానే లేవాలి. తెగని ఆలోచన ఉంటే అది కాగితం మీదికి వెళ్తుంది, రెండో తొట్టెడు నీళ్లలోకి కాదు.

గడపదాటి:
టైమర్ ఒప్పుకుంటాను. ఫోన్‌లో కాదు, వంటింటి టైమర్ అయితే మేలు.

కొలపాత్ర గారికి జవాబు. 2014లో నార్టన్, జీనో అనే పరిశోధకులు తంతుల మీద చేసిన ప్రయోగాలు చూడండి. లాటరీ చేజారి ఉసూరుమన్న వాళ్లలో కొందరిని తమకెలా ఉందో ఒక కాగితం మీద గీయమన్నారు. దాని మీద చిటికెడు ఉప్పు చల్లి, చింపేసి, మనసులో పదిదాకా ఐదుసార్లు లెక్కపెట్టమన్నారు. ఆ తతంగం చేసినవాళ్లకు బాధ తక్కువగా ఉంది. కారణం, పరిస్థితి తమ చేతిలోకి వచ్చిందన్న భావన. తంతుల మీద నమ్మకం లేనివాళ్లలోనూ అదే ఫలితం. ఇందులో వేడినీళ్లు ఎక్కడున్నాయి? (ఉప్పు మాత్రం ఉంది, అదీ చిటికెడే.) అంటే వరసకంటూ సొంత బలం ఒకటుంది. రోజూ ఒకే క్రమం, ఒకే మొదలు, ఒకే ముగింపు ఉండాలి. రోజుకో కొత్త పూలూ కొత్త పాటా చేరిస్తే ఆ బలం పోతుంది.

నాడిపట్టు:
వాదన సాగనివ్వండి, ఈలోగా ఎవరూ కళ్లు తిరిగి పడకుండా కొన్ని మాటలు. వేడినీళ్లలో రక్తనాళాలు విప్పుకుంటాయి, బీపీ దిగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఒక్కసారిగా లేస్తే తల తిరుగుతుంది. లేచే ముందు నీళ్లు సగం వదిలేసి, ఒక నిమిషం కూర్చుని, గోడ పట్టుకుని లేవాలి. బీపీ మాత్రలు, గుండెనొప్పికి నైట్రేట్లు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వేడినీళ్ల తొట్టిలో దిగొద్దు. మద్యం తాగి అసలే వద్దు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు పాదంతో వేడి చూడకూడదు, మోచేతితోనో థర్మామీటర్‌తోనో చూడాలి.

ఈ చర్చకు నేరుగా సంబంధించిన సంగతి ఇంకొకటి. తల తేలిపోవడం, చెవుల్లో హోరు, కన్నీళ్లు, నీరసం కలిసి వస్తే చాలామంది "లోపలి బరువు దిగింది" అనుకుంటారు. అది బీపీ పడిపోవడం కావచ్చు. స్నానాలగదిలోపలే గ్యాస్ గీజరు ఉండి, కిటికీ మూసి, నీళ్లు వదిలిపెట్టి అరగంట కూర్చుంటే అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం మొదలైతే పరిశీలన ఆపి తలుపు తీయండి, గీజరు కట్టేసి బయటికి రండి. మామూలు స్నానం కన్నా ఈ స్నానం నిదానం, అందుకే ముప్పు ఎక్కువ. గీజరు లోపల ఉంటే నీళ్లు ముందే పట్టుకుని, దాన్ని ఆపేసి, గది గాలి మారాక దిగడమే పద్ధతి.

పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రభయం) వచ్చేవాళ్లకు గుండె వేగం పెరగడమే భయంలా అనిపిస్తుంది. వాళ్లకు 36, 37 డిగ్రీలు చాలు, లేదంటే పాదాలు మాత్రమే ముంచుకోవాలి. చన్నీళ్లతో "శుద్ధి" చేసుకునేవాళ్లకు: 15 డిగ్రీలకు తక్కువ నీళ్లలో ఒక్కసారిగా మునిగితే మొదటి అరనిమిషంలో ఊపిరి అదుపు తప్పి ఎగపీల్పు వస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ప్రమాదం. గబగబా ఊపిరి పీల్చి ఆ తర్వాత బిగబట్టి మునగడం మరీ ప్రమాదం, ముందస్తు సూచన లేకుండానే స్పృహ పోతుంది. ఒంటరిగా ఎప్పుడూ చేయొద్దు.

మెట్టుమీద:
తొట్టి లేనివాళ్ల సంగతేంటండీ? బకెట్టు, మగ్గుతో ఇది కుదురుతుందా?

గడపదాటి:
కుదురుతుంది, కొన్ని విషయాల్లో అదే మేలు. 20 లీటర్ల బకెట్టు, ముప్పావు లీటరు మగ్గు అనుకుంటే పాతిక మగ్గులకు పైనే. మగ్గుకు రెండు నిండు శ్వాసలు చొప్పున ఏడెనిమిది నిమిషాలు. పాదాలతో మొదలుపెట్టి మోకాళ్లు, నడుము, భుజాలు, మెడ వెనక, ఇలా పైకి పోవాలి. టైమర్ అక్కర్లేదు, బకెట్టు ఖాళీ అయితే అయిపోయినట్టే.

చెడేది ఎక్కడంటే, మగ్గుకూ మగ్గుకూ మధ్య తడి ఒంటి మీది నీరు ఆవిరై చలి పుడుతుంది. వణుకు మొదలైతే ఇక లోచూపు లేదు, ఎప్పుడు అయిపోతుందా అనే ధ్యాసే. కిటికీ మూయండి (గ్యాస్ గీజరు లేకపోతేనే), ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపండి. ఒక మందపాటి తువ్వాలు వేడినీళ్లలో ముంచి భుజాల మీద కప్పుకుని దాని మీదే పోసుకోండి. గుడ్డ వేడిని పట్టి ఉంచుతుంది, ఆ బరువు కూడా భుజాలకు హాయిగా ఉంటుంది. స్టూలు మీద కూర్చోవాలి, నిలబడి కాదు.

కొలపాత్ర:
తువ్వాలు ఆలోచన బాగుంది, అదీ వేడి లెక్కే అని గుర్తుచేస్తున్నాను. నార్టన్ ప్రయోగంలో పోయింది లాటరీ డబ్బు. ఏళ్లనాటి దుఃఖానికి అదే కొలత పనికొస్తుందని నేననుకోను. తేల్చుకోవాలనుకున్నవాళ్లు ఇలా చేయొచ్చు: ఒక వారం అదే నీళ్లు, అదే వేడి, అదే సమయం, ప్రశ్న మాత్రం లేకుండా. మరుసటి వారం ప్రశ్నతో, రాతతో. ప్రతి మర్నాడు పొద్దున బాధకు పదికి ఎన్నో ఒక అంకె వేసుకోవాలి. రాత్రి వేసుకునే అంకె వద్దు, అప్పుడు వెచ్చదనం మాట్లాడుతుంది.

తుంపర:
ఆ అంకె చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 1986లో పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన రాత ప్రయోగాల్లో వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు మనసులోని గాయం గురించి రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు ఇంకా కుంగింది. మేలు తర్వాతి నెలల్లో, ఆరోగ్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లడం రూపంలో కనిపించింది. కాబట్టి మొదటి వారం అంకె పెరిగితే విధి విఫలమైందని కాదు. పది రోజులైనా పెరుగుతూనే ఉంటే, నిద్ర తప్పితే, నీళ్లలో కూర్చోగానే పాత సంఘటన కళ్లముందు ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తే, ఆపేసి చికిత్సకుడి దగ్గరికి వెళ్లాలి. అలాంటి గాయాన్ని మూసిన తలుపు వెనక ఒంటరిగా తవ్వకూడదు.

మెట్టుమీద:
మధ్యలో ఏడుపొస్తే ఆపుకోవాలా?

తుంపర:
అక్కర్లేదు. తల మీద నీళ్లు పోసుకోవడం మాత్రం ఆపండి, వెక్కిళ్ల మధ్య పొలమారుతుంది. మగ్గు కింద పెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనించి, చేతులు మోకాళ్ల మీద ఉంచి కూర్చోండి. ఊపిరి దానంతటదే నిదానించాక, ఇంకా వెచ్చగా నీళ్లుంటే పాదాల నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. చల్లారిపోతే ఆ రోజుకు అంతే. ఒళ్లు తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని, అప్పుడు కాగితం తీసుకోండి.